ఆకును చదివే యంత్రానికి సనదు ఎక్కడిది?

మిరప ఆకు ముడుచుకోవడానికి ముఖ్యమైన కారణాలు మూడు. తామర పురుగు రసం పీల్చితే ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటాయి. దీన్ని రైతులు పైముడత అంటారు. నల్లి పట్టితే అదే ఆకు కిందికి వంగి, బోర్లించిన పడవలా కనిపిస్తుంది, కాడ సాగుతుంది. ఇది కింది ముడత. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ సోకితే ఆకులు చిన్నవై, ముడతలు పడి, మొక్క గిడసబారిపోతుంది. దూరం నుండి చూసినవారు మూడింటికీ ఒకే మాట అంటారు: ‘చేనుకు ముడత వచ్చింది.’ కానీ మూడింటికీ చేయవలసిన పని ఒకటి కాదు. పురుగుల కోసం కొట్టే మందులు చాలావాటికి నల్లి లొంగదు. వైరస్‌కైతే అసలు మందే లేదు. సోకిన మొక్కను పీకివేసి, తెల్లదోమను అదుపు చేసి, మిగిలిన చేనును కాపాడుకోవడం ఒక్కటే మార్గం. కనుక ఆకును తప్పుగా చదివినవాడు ఒకరోగానికి మరో మందు కొడతాడు, లేదా బతకవలసిన మొక్కను తన చేత్తోనే పీకేస్తాడు.

ఒక మదరసా ఉపాధ్యాయునికి ఆకు తెగుళ్ళతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. నేను పల్నాడు ప్రాంతంలోని ఒక చిన్న మదరసాలో సుమారు ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నాను. నా దగ్గర చదివే పిల్లల్లో ఎక్కువమంది కౌలు రైతుల బిడ్డలు, మిరపకోతకు పోయే కూలీల బిడ్డలు. చేను బాగుంటే పిల్లవాడు రంజాను సెలవుల తరువాత కొత్త బట్టలతో తిరిగి వస్తాడు. చేను పోయిన ఏడాది కొందరు తిరిగి రారు. ఫలానా అబ్బాయి ఏడీ అని అడిగితే, ‘వాళ్ళ అబ్బాతో కలిసి హైదరాబాదులో పనికి పోయాడు ఉస్తాద్’ అని తోటి పిల్లలు చెబుతారు. ఈ విధంగా ఆకు తెగులు నా హాజరు పట్టీలోకి వస్తుంది. దాన్ని పట్టించుకోకుండా ఉండడం నా వల్ల కాదు.

నా తమ్ముడు కూడా కౌలు రైతే. నిరుడు రెండెకరాల్లో మిరప వేశాడు. నవంబరులో చేను ఒక మూల ఆకులు ముడుచుకోవడం మొదలైంది. పట్టణంలో ఒక మందుల దుకాణానికి ఒక కొమ్మ తుంచుకొని పోతే, ఆకును తిరగేసి చూడకుండానే మూడు సీసాలు ముందు పెట్టి, మూడూ కలిపి కొట్టమన్నారట. వాటి ఖరీదు విని మా తమ్ముడు కొనకుండా తిరిగి వచ్చాడు. ఆ రోజుల్లోనే మా మదరసాలో హిఫ్జ్ పూర్తి చేసి, తరువాత పాలిటెక్నిక్ మీదుగా ఇంజనీరింగులో చేరిన ఒక పాత విద్యార్థి సెలవులకు వచ్చాడు. ఆకు ఫోటో తీస్తే తెగులు పేరు చెప్పే ప్రోగ్రామును తాను తయారు చేశానని సంతోషంగా చెప్పాడు. ‘డబ్బు ఖర్చేమీ లేదు ఉస్తాద్. ప్రోగ్రామూ, ఫోటోలూ అన్నీ ఓపెన్ సోర్స్‌లో దొరికాయి’ అన్నాడు.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో మన ఇళ్ళలో అందరికీ తెలియకపోవచ్చు. ఒక ప్రోగ్రామును రాసినవారు దాన్ని దాచుకోకుండా, దాని లోపలి రాతను కూడా లోకం ముందు పెడతారు. ఎవరైనా దాన్ని చదవవచ్చు, వాడుకోవచ్చు, సరిదిద్దవచ్చు, మార్చి మరొకరికి ఇవ్వవచ్చు. యంత్రానికి నేర్పే పనికి కావలసిన టెన్సర్‌ఫ్లో అనే పనిముట్టును గూగుల్ సంస్థ 2015 నవంబరులో ఇలాగే విడుదల చేసింది. తరువాత పైటార్చ్ వంటివి వచ్చాయి. ఒకప్పుడు పెద్ద ప్రయోగశాలలకే సాధ్యమైన పని ఇప్పుడు పల్లెటూరి కుర్రవాడికి కూడా సాధ్యమైందంటే, ఈ దాచుకోనితనమే కారణం.

ఆ యంత్రం ఎలా నేర్చుకుంటుందో అతను నాకు ఓపికగా వివరించాడు. ఫోటో అంటే యంత్రానికి అంకెల పట్టిక. నిలువుకు 256, అడ్డానికి 256 చుక్కలుగా ఫోటోను కుదిస్తే మొత్తం 65,536 చుక్కలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళు తెలిపే మూడేసి అంకెలు. యంత్రం ఈ అంకెలను చూసి ఒక తెగులు పేరు ఊహిస్తుంది. ఊహ తప్పితే తన లోపలి లెక్కలను కొద్దిగా సవరించుకుంటుంది. వేలాది ఫోటోల మీద ఈ పని మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. చివరికి ఏ రంగు, ఏ మచ్చ, ఏ అంచు ఏ పేరుతో కలిసి వస్తుందో దానికి అలవాటవుతుంది. ఆకు అంటే ఏమిటో, తెగులు అంటే ఏమిటో దానికి తెలియదు. ఏది దేనితో కలిసి వస్తుందో మాత్రమే తెలుసు.

సాయంత్రం అస్ర్ నమాజు తరువాత ముగ్గురం చేనుకు వెళ్ళాం. మా తమ్ముడు ముడుచుకున్న ఆకును అరచేతిలో పరిచాడు. అబ్బాయి ఫోటో తీశాడు. యంత్రం క్షణంలో జవాబిచ్చింది: టమాటా పంట, పసుపు ఆకుముడత వైరస్, నమ్మకం 96 శాతం. మా తమ్ముడు నవ్వి, ‘భాయ్‌జాన్, నా మిరపను టమాటా అంటోంది’ అన్నాడు. అబ్బాయి సిగ్గుపడి, ‘పంట పేరు తప్పినా తెగులు వైరసే కావచ్చు చాచా’ అన్నాడు. వైరసే అయితే ఆ మూలనున్న మొక్కలన్నీ పీకాలి. మా మరదలు ఆ నారును తన చేత్తో నాటింది. ఆమె ఇంటి దగ్గర ఏ జవాబు కోసం ఎదురుచూస్తోందో మా ముగ్గురికీ తెలుసు.

నేను నా భుజం మీది రుమాలు తీసి, దీన్ని కూడా ఒక ఫోటో తీయి అన్నాను. తీశాడు. యంత్రం నా రుమాలుకు కూడా ఒక తెగులు పేరు చెప్పింది.

మదరసాలో నేను బోధించే విషయాల్లో ఉసూలె హదీసు ఒకటి. ఒక మాట మన దగ్గరకు వస్తే, మాట ఎంత అందంగా ఉన్నదని ముందుగా చూడం. ఎవరు చెప్పారు, వారు ఎవరి దగ్గర విన్నారు, ఆ ఇద్దరూ నిజంగా కలుసుకున్నారా, వారి జ్ఞాపకశక్తి ఎటువంటిది, ఆ మాటకు మరో దారిలో బలం ఉన్నదా అని చూస్తాం. ఈ వరుసనే సనదు అంటాం. హదీసు విద్య స్థానం వేరు, యంత్రం స్థానం వేరు. రెంటినీ ఒక తక్కెడలో వేయడం నా ఉద్దేశం కాదు. విన్న ప్రతి వార్తకూ మూలం అడిగే అలవాటును మాత్రం ఆ విద్య మనకు నేర్పింది. ఆ అలవాటు చేనులో కూడా పనికొస్తుంది. కనుక ఆ అబ్బాయిని అడిగాను: ‘నీ యంత్రం ఎవరి దగ్గర చదువుకుంది?’

అతను చెప్పిన సనదు ఇది. ప్లాంట్‌విలేజ్ అనే పేరుతో 54,306 ఆకు ఫోటోల సేకరణ ఒకటి ఉన్నది. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ హ్యూస్, స్విట్జర్లాండుకు చెందిన మార్సెల్ సలాతే దాన్ని లోకానికి అందించారు. అందులో 14 పంటలు, 26 తెగుళ్ళు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న ఆకులను కూడా కలుపుకొంటే యంత్రం నేర్చుకోవలసిన పేర్లు 38. పంటల జాబితా చదవమన్నాను. ఆపిల్, బ్లూబెర్రీ, చెర్రీ, మొక్కజొన్న, ద్రాక్ష, నారింజ, పీచ్, క్యాప్సికం, బంగాళాదుంప, రాస్ప్‌బెర్రీ, సోయా, స్క్వాష్ గుమ్మడి, స్ట్రాబెర్రీ, టమాటా. వరి లేదు. పత్తి లేదు. వేరుశనగ లేదు. మన మిరపకు దగ్గరి చుట్టమైన క్యాప్సికం ఉన్నది కానీ, దానికి ఉన్న పేర్లు రెండే: బ్యాక్టీరియా మచ్చ తెగులు, ఆరోగ్యం. మిరప ముడత ఆ యంత్రం ఎన్నడూ చూడని ఆకు. చూడని ఆకు గురించి అది 96 శాతం నమ్మకంతో సాక్ష్యం చెప్పింది.

ఎందుకలా చెప్పింది అంటే, దాని నిర్మాణమే అటువంటిది. ఏ ఫోటో చూపినా 100 పాళ్ళను ఆ 38 పేర్ల మధ్య పంచిపెట్టాలి. పేర్లన్నీ తప్పే అయినా పంపకం ఆగదు. ఎక్కువ పాళ్ళు ఏ పేరుకు పడితే ఆ పేరు తెర మీదకు వస్తుంది. 96 శాతం అంటే మిగిలిన 37 పేర్లకన్నా ఈ పేరు దగ్గరగా ఉన్నదని అర్థమే గాని, ఆ మాట నిజం కావడానికి 96 పాళ్ళు అవకాశం ఉన్నదని అర్థం కాదు. ఈ తేడా తెలియని రైతు ఆ అంకెను చూసి సీసాలు కొంటాడు. ‘నాకు తెలియదు’ అనే పేరు ఆ 38లో లేదు.

మన విద్వాంసుల సంప్రదాయంలో ‘లా అద్రీ’, అంటే ‘నాకు తెలియదు’ అనడం జ్ఞానంలో భాగమే. మదీనా నగరపు ఇమామ్ మాలిక్ (రహిమహుల్లాహ్) దగ్గరకు దూరదేశాల నుండి ప్రశ్నలు మోసుకొని వచ్చేవారు. వాటిలో ఎన్నింటికో ఆయన తనకు తెలియదని నిస్సంకోచంగా చెప్పి పంపేవారని మన గ్రంథాలు ప్రసిద్ధంగా చెబుతున్నాయి. అంతటి ఇమామ్‌కు లేని మొహమాటం కొన్ని అంకెల పట్టికకు ఎందుకుండాలి? నిజానికి ఆ మొహమాటం యంత్రానిది కాదు, దాన్ని తయారుచేసిన మనది. తెలియదు అనే జవాబును మనం దానికి నేర్పలేదు.

ఇప్పుడు న్యాయంగా మరో వైపు కూడా చెప్పాలి. ఈ లోపాలను బయటపెట్టింది యంత్రానికి శత్రువులు కాదు, దాన్ని తయారుచేసినవారే. శరద మోహంతి, హ్యూస్, సలాతే కలిసి 2016లో తమ పరీక్షల ఫలితాలు ప్రకటించారు. ఆ సేకరణలోనే పక్కన పెట్టుకున్న ఫోటోలతో పరీక్షిస్తే యంత్రం 99.35 శాతం సరిగా చెప్పింది. పత్రికలకు ఎక్కింది ఈ అంకె. కానీ వారు అక్కడితో ఆగలేదు. వేరే చోట్ల, వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలను కూడా అదే యంత్రానికి చూపారు. అప్పుడు సరైన జవాబులు సుమారు 31 శాతానికి పడిపోయాయి. ఈ రెండో అంకెను కూడా అదే వ్యాసంలో దాచకుండా రాశారు.

99 ఎక్కడ, 31 ఎక్కడ? కారణం ఆ ఫోటోలు తీసిన పద్ధతిలో ఉన్నది. ఆకును మొక్క నుండి తుంచి, ఒక కాగితం మీద పరిచి తీసినవి అవి. నీడ లేదు, దుమ్ము లేదు, పక్క మొక్క లేదు, పట్టుకున్న చెయ్యి లేదు. మన చేలో ఆకు అలా ఉండదు. 2022లో మెహ్మెత్ అలీజాన్ నోయన్ అనే పరిశోధకుడు ఇదే సేకరణ మీద ఒక చిన్న పరీక్ష చేశాడు. ఆకును పూర్తిగా వదిలేసి, ఫోటో వెనుక భాగం నుండి కేవలం 8 చుక్కలను మాత్రమే యంత్రానికి ఇచ్చాడు. కళ్ళు మూసుకొని ఊహించినా 38 పేర్లలో 2.6 శాతం సరిపోతాయి. ఆ 8 చుక్కలతోనే యంత్రం 49 శాతం సరిగా చెప్పింది. అంటే ఒక్కో తెగులు ఫోటోలు ఒక్కో రకం వెలుతురులో, ఒక్కో రకం కాగితం మీద తీసినందువల్ల, ఆకును చూడకుండానే కాగితాన్ని బట్టి పేరు పట్టేసే వీలు ఆ సేకరణలో ఉన్నదన్న మాట. పాఠం చదవకుండా ఉస్తాద్ ముఖం చూసి జవాబు పసిగట్టే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. వాడికి నా దగ్గర పూర్తి మార్కులు వస్తాయి, బయటి పరీక్షలో రావు.

ఇక్కడ మనం గ్రహించవలసిన విషయం ఒకటున్నది. ఫోటోలు అందరి ముందూ ఉన్నందువల్లనే ఆ పరిశోధకుడు ఆ లోపాన్ని పట్టుకోగలిగాడు. మూసిన పెట్టెలో ఉండి ఉంటే 99 అనే అంకె ఒక్కటే మనకు చేరేది. ఓపెన్ సోర్స్ వల్ల కలిగే మేలు ఉచితంగా దొరకడం అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది చిన్న మేలు. సనదు కనిపించడం అసలైన మేలు. ప్రోగ్రాము రాత, నేర్పిన ఫోటోలు, పరీక్షించిన విధానం, ఈ మూడూ బయట ఉంటే రావీని పరిశీలించవచ్చు. రైతుల ఫోనుల్లోకి ఈనాడు వచ్చే కొన్ని యాప్‌లు తెగులు పేరు చెప్పి, ఆ పక్కనే మందు పేరు కూడా చెబుతాయి. అవి ఎక్కడ నేర్చాయో, ఏ పంట మీద పరీక్షకు నిలిచాయో ఎక్కడా రాసి ఉండదు. మూలం చెప్పని వార్తను మన పెద్దలు ఏ కంటితో చూశారో ఆ కంటితోనే వాటిని చూడాలి.

సేద్యం విషయంలో కూడా ఇది మన వారసత్వంలో ఉన్నదే. 12వ శతాబ్దంలో అందలుసియాలోని సెవిల్ నగరానికి చెందిన ఇబ్నుల్ అవ్వామ్ ‘కితాబుల్ ఫిలాహా’ అనే పెద్ద వ్యవసాయ గ్రంథం రాశారు. చెట్ల తెగుళ్ళు, వాటి చికిత్సలు కూడా అందులో ఉన్నాయి. ఆయన ఏ మాటను ఏ పూర్వ గ్రంథకర్త నుండి తీసుకున్నారో పేర్కొంటూ, తన సొంత అనుభవంలో తేలిన విషయాలను కూడా జతచేశారు. విన్నదీ, చూసినదీ ఒకటి కాదని ఆ సేద్యగాడికి తెలుసు.

అయితే యంత్రాన్ని అవతలకు విసిరేయాలా? అక్కర లేదు. సరైన చోట, సరైన ఆకుల మీద చదువుకున్న యంత్రం మనిషికన్నా మెరుగ్గా చెప్పిన ఉదాహరణ ఉన్నది. తూర్పు ఆఫ్రికాలో కర్రపెండలం కోట్లాది ప్రజల ఆహారం. మన గోదావరి జిల్లాల్లో కూడా ఈ పంట ఉన్నది. ఆ పంటకు మొజాయిక్ వైరస్, గోధుమ చార వైరస్ రెండు పెద్ద శత్రువులు. పెన్ స్టేట్ వారు అంతర్జాతీయ సంస్థలతో కలిసి, ఆఫ్రికా చేలల్లో తీసిన ఫోటోలతో ఒక యాప్‌ను తయారు చేశారు. ఇంటర్నెట్ లేకపోయినా అది ఫోనులో పనిచేస్తుంది. దాని పేరు నూరు. తెలుగులో నూరు అంటే లెక్క. స్వాహిలీ భాషలో నూరు అంటే వెలుగు, మన అరబీ ‘నూర్’ నుండి వెళ్ళిన మాటే.

2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఆకును చూసి కర్రపెండలం తెగుళ్ళను గుర్తించడంలో నూరు 65 శాతం సరిగా చెప్పింది. వ్యవసాయ విస్తరణ సిబ్బంది 40 నుండి 58 శాతం, రైతులు 18 నుండి 31 శాతం మాత్రమే చెప్పగలిగారు. ఆ అధ్యయనంలో నాకు మరింత నచ్చిన సంగతి మరొకటి. ఒక్క ఆకుకు బదులు ఒక మొక్కకు చెందిన ఆరు ఆకులను చూపినప్పుడు నూరు సరిగా చెప్పడం 74 నుండి 88 శాతం దాకా పెరిగింది. ఒక్క సాక్షి మాటకన్నా పలువురు సాక్షుల మాట బలమైనదని చెప్పడానికి ఇంతకన్నా తేట ఉదాహరణ ఏమి కావాలి?

మనకు దగ్గరలోనూ ఇటువంటి పని జరిగింది. గుజరాత్‌లోని గాంధీనగర్ ఐఐటీ వారు కాగితం మీద పరిచిన ఆకులను కాదని, సహజ పరిసరాల్లో తీసిన 2,598 ఫోటోలతో ప్లాంట్‌డాక్ అనే సేకరణను సిద్ధం చేసి అందరికీ ఇచ్చారు. వాటికి గుర్తులు పెట్టడానికే సుమారు 300 గంటల మానవ శ్రమ పట్టిందని రాశారు. తమిళనాడులోని తిరునల్వేలిలో ఉన్న ఒక విశ్వవిద్యాలయం వారు ‘ప్యాడీ డాక్టర్’ పేరిట వరి ఆకుల ఫోటోలు సేకరించారు. 2022లో పోటీ కోసం బయటపెట్టిన భాగంలోనే 10,407 ఫోటోలున్నాయి. ప్రతి ఫోటోతో పాటు ఆ వరి ఏ రకమో, పైరు వయసు ఎన్ని రోజులో కూడా రాసి ఉంచారు. సనదు రాసిపెట్టడం అంటే ఇదే.

ఇక మా చేను సంగతి. మరుసటి రోజు మా తమ్ముడు, ఆ అబ్బాయి కలిసి ఆరేడు మొక్కల కొమ్మలను పూలతో సహా తీసుకొని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళారు. అక్కడి శాస్త్రవేత్త ముందుగా చేసిన పని ఆకును తిరగేయడం. భూతద్దం పెట్టి అడుగు భాగం చూపించారు. కదులుతున్న సన్నని నల్లులు. ఆకులు కిందికి వంగి ఉన్నాయి, కాడలు సాగి ఉన్నాయి, కింది ముడత. తరువాత పూలను తెల్ల కాగితం మీద దులిపి, తామర పురుగుల కోసం కూడా చూశారు. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప చేలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలో దాగి ఉంటుంది. ఆకు ఫోటో ఎన్ని తీసినా దాని ఆచూకీ పూర్తిగా తెలియదు. మా చేలో అది కనిపించలేదు. నల్లికి తగిన ఒక్క మందు రాసిచ్చారు. మొక్కలు పీకవలసిన అవసరం రాలేదు. సంక్రాంతి నాటికి ఆ మూల కొత్త చిగురు వేసింది. దిగుబడి కొంత తగ్గింది, కౌలు చెల్లించడానికి మాత్రం సరిపోయింది.

యంత్రం చూడలేనిది, భూతద్దం చూడగలిగినది ఆకు అడుగు భాగంలో ఉన్నది. పైనుండి తీసిన ఒక్క ఫోటోను బట్టి తీర్పు చెప్పడం యంత్రానికే కాదు, మనిషికి కూడా తగదు.

ఈ వ్యాసం చదివే సేద్యగాళ్ళ ఇళ్ళకు నా మనవి ఇంతే. ఫోనులోని యాప్ తెగులు పేరు చెబితే దాన్ని ఒక వార్తగా తీసుకోండి, తీర్పుగా తీసుకోకండి. అది మీ పంట మీద నేర్చుకున్నదా, కాగితం మీది ఆకులు చూసిందా, చేలోని ఆకులు చూసిందా, తెలియదు అని చెప్పగలదా, మందు అమ్మేవారికీ దానికీ సంబంధం ఏమిటి అని అడగండి. జవాబు దొరకకపోతే మందు కొనే ముందు ఒక్కరోజు ఆగండి. ఫోటో తీసేటప్పుడు ఒక్క ఆకుతో సరిపెట్టకుండా పై భాగం, అడుగు భాగం, పువ్వు, మొత్తం మొక్క తీయండి. ఏ రకం విత్తనం, ఎప్పుడు నాటారు, ఇంతకుముందు ఏమి కొట్టారు అనేవి రాసిపెట్టండి. చేలో కలుపు తీసేదీ, కాయ కోసేదీ ఎక్కువగా మన ఆడవారే. ముడత మొదటి రోజు కనిపించేది వారి కంటికే. వారి మాట ముందుగా వినండి. కృషి విజ్ఞాన కేంద్రం దూరమైతే కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు.

కంప్యూటరు చదువులు చదువుతున్న మన బిడ్డలతో మరో మాట. ప్రోగ్రాము ఉచితంగా దొరికింది, చాలా సంతోషం. దాన్ని ఇచ్చినవారికి మనం రుణపడి ఉన్నాం. కానీ పరదేశపు ఆకులతో మన చేను తెగులు తెలియదు. మన మిరప, మన పత్తి, మన కంది ఆకులను మనమే పోగు చేయాలి. తెలిసిన శాస్త్రవేత్తకు చూపించి పేరు రాయించాలి. ఆ తరువాత మనకు దొరికినట్టే ఇతరులకు కూడా అందుబాటులో ఉంచాలి. తీసుకొని దాచుకునేవాడికంటే, తీసుకొని మరింత చేర్చి ఇచ్చేవాడు మేలు.

ఆ అబ్బాయి ఈ పని మొదలుపెట్టాడు. తన యంత్రంలో 39వ పేరుగా ‘తెలియదు’ అనే జవాబును చేర్చి, వేప ఆకులు, గడ్డి, చేతులు, రుమాళ్ళు కూడా చూపించి దానికి నేర్పుతున్నాడు. ఒక నోటు పుస్తకంలో ప్రతి మిరప ఫోటోకూ ఒక నంబరు వేసి, ఊరు, విత్తనం రకం, తేదీ, తెగులును గుర్తించినవారి వివరం రాస్తున్నాడు. ఇప్పటికి మూడు వందలు దాటాయి. చివరి గడిలో గుర్తింపు ఎంత నిశ్చయమో రాస్తాడు. నలభైకి పైగా ఫోటోల ఎదుట ‘నిశ్చయం కాలేదు’ అని రాసి ఉన్నది. ఇవి వృథా కదా, తీసేయనా ఉస్తాద్ అని అడిగాడు. ఒక్కటి కూడా తీయవద్దని చెప్పాను.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్నీ, తెలియనిదాన్ని తెలియదని చెప్పగలిగే నిజాయితీనీ ప్రసాదించుగాక! ఆమీన్.